మోటారు స్క్రీన్ సగంలో ఆగుతోందా, అలలు పడుతున్నాయా? ముందు పైపు లెవెల్ చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హాల్లో టీవీ ముందుకు దిగేలా 120 అంగుళాల మోటారు ప్రొజెక్టర్ స్క్రీన్ పెట్టించి మూడు నెలలైంది, ఫాల్స్ సీలింగ్‌కి బిగించారు, గుడ్డ మధ్యలో అలలు కనిపిస్తున్నాయి, ఒక్కోసారి సగంలో ఆగిపోయి అరగంటకి మళ్లీ తనంతట తానే పనిచేస్తోంది, పైగా దుమ్ము పట్టింది, గాజు తుడిచే స్ప్రే కొట్టి తుడవచ్చా అని. చివరి ప్రశ్నకి ముందు జవాబు: కొట్టకండి. ఎందుకో కిందకి వచ్చాక చెప్తా.

హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా ఇలాంటి స్క్రీన్లు బిగించి బాగుచేయడమే నా పని. "మోటారు పోయిందండీ, మార్చాలి" అని ఫోన్ వస్తే నేను మోటారు పట్టుకెళ్లను, నీళ్ల ట్యూబు పట్టుకెళ్తా. మేస్త్రీలు లెవెల్ చూడటానికి వాడే సన్నటి ప్లాస్టిక్ ట్యూబే. ఈ వస్తువులో మోటారు చేసేది చాలా చిన్న పని, పైన కేసులో గుడ్డ చుట్టుకునే పైపుని ఇటో అటో తిప్పడం. మిగతాదంతా గుడ్డ, పైపు, దాన్ని వేలాడదీసిన తీరు. చీర రోలింగుకి ఇచ్చినప్పుడు కర్ర మీద అంచు ఓ పక్కకి జరిగితే చుట్టు చుట్టుకీ ముడత ఎలా పెరుగుతుందో ఇక్కడా అంతే. పైపు ఒక చివర అర సెంటీమీటరు కిందకి ఉన్నా గుడ్డ మెల్లగా ఓ పక్కకి నడుస్తుంది, అంచు కేసుకి రాసుకుంటుంది, నలుగుతుంది, మోటారు మీద భారం పెరుగుతుంది, అప్పుడు మనం మోటారుని తిడతాం.

మీరు రాసినదాంట్లో "ఫాల్స్ సీలింగ్‌కి బిగించారు" అన్న మాట దగ్గరే నాకు అనుమానం వచ్చింది. దేనికి బిగించారు అసలు? జిప్సం బోర్డుకా, దానిపైన ఉండే పల్చటి జీఐ (జింకు పూత రేకు) ఛానెల్‌కా, లేక రాడ్లు వేసి స్లాబుకా? 120 అంగుళాల స్క్రీన్ మామూలు రకమే కేసుతో కలిపి 15 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, రెండు పక్కలా దారంతో గుడ్డని లాగి ఉంచే ట్యాబ్ టెన్షన్ రకమైతే 20 దాటుతుంది. రోజూ దిగుతూ ఎక్కుతూ ఊగే బరువు అది. జిప్సం బోర్డుకి అంత శక్తి లేదు. ఊడిపడకపోయినా కొన్నాళ్లకి మెల్లగా కిందకి జారుతుంది, మీరు చెప్పిన మూడు నెలలు దానికి సరిగ్గా సరిపోతాయి. స్లాబులో యాంకర్ ఫాస్టెనర్లు వేసి, వాటినుంచి థ్రెడ్ రాడ్లు సీలింగు రంధ్రం గుండా కిందకి దింపి, బ్రాకెట్‌ని రెండు నట్ల మధ్య బిగించాలి. బలం సంగతి అలా ఉంచితే, దీంట్లో నాకు నచ్చేది నట్టు తిప్పి లెవెల్‌ని మిల్లీమీటర్లలో సరిచేసుకోవచ్చు అన్నది. బోర్డుకి స్క్రూలు కొట్టేస్తే ఆ అవకాశమే లేదు.

స్లాబుకి డ్రిల్ పెట్టేముందు ఒక్క మాట. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిచోట్ల పోస్ట్ టెన్షన్ స్లాబులు వేస్తున్నారు, అంటే లోపల గట్టిగా లాగి ఉంచిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి, డ్రిల్లు వాటిని తాకితే ప్రమాదం. బిల్డర్‌నో అసోసియేషన్ వాళ్లనో కనుక్కోకుండా ఎవర్నీ డ్రిల్ పెట్టనివ్వకండి. గోడకి బిగించుకునేవాళ్ల కథ వేరు: ఎర్ర ఇటుక గోడైతే సిమెంటు పూత లోతు దాటి ఇటుకలోకి పోయేంత పొడుగు ప్లగ్గు, తెల్లటి తేలిక బ్లాకుల గోడైతే మామూలు ప్లగ్గు వేలితో లాగితే వచ్చేస్తుంది కాబట్టి ఆ బ్లాకుల కోసమే చేసిన పొడుగు నైలాన్ యాంకర్లు గానీ కెమికల్ యాంకర్లు గానీ. మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టిన ఫ్లాటైతే గోడలన్నీ కాంక్రీటే, డ్రిల్లు బిట్లు అరిగిపోతాయి గానీ పట్టు మాత్రం బ్రహ్మాండం.

ఇప్పుడు లెవెల్. 120 అంగుళాల స్క్రీన్‌కి బొమ్మ వెడల్పే 8 అడుగుల 9 అంగుళాలు, కేసు ఇంకా పొడుగు. దానిమీద అడుగు పొడుగు స్పిరిట్ లెవెల్ పెట్టి "బుడగ మధ్యలోనే ఉంది కదా" అంటే నేను ఒప్పుకోను. రెండు చివర్ల దగ్గరా నీళ్ల ట్యూబు పట్టుకుని చూడండి, లేదా లేజర్ లెవెల్ ఉన్నవాళ్లని పిలవండి. కేసు మధ్యలోనూ కొలవండి, ఎందుకంటే రెండు చివర్లూ సమానంగా ఉండి నడుము కిందకి దిగిన కేసులు చాలా చూశా. కొలిచేది సీలింగు నుంచి కాదు, సీలింగే వంకరగా ఉండొచ్చు.

అలల దగ్గరకి వద్దాం. ముందు అవి ఏ రకమో చూడాలి. ప్రొజెక్టర్ ఆపి, గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చి పక్కనుంచి గుడ్డ మీద ఏటవాలుగా కొట్టండి. పైనుంచి కిందకి వీ అక్షరంలా రెండు పక్కలనుంచి మధ్యకి వాలుతూ కనిపిస్తే పైపు మధ్యలో వంగిందన్నమాట, అంటే సన్నటి పైపు, లేదా కేసు నడుము దిగింది. అంచులు ముందుకో వెనక్కో దొప్పలా చుట్టుకుంటే అది గుడ్డ స్వభావం, టెన్షన్ లేని పీవీసీ గుడ్డ కొన్నాళ్లకి అలాగే అవుతుంది. అడ్డంగా, సమాన దూరంలో గీతలు కనిపిస్తే పైపు మీద గుడ్డ అతికించిన చోటి మందం చుట్టు చుట్టుకీ అచ్చుపడుతోంది, కొత్త స్క్రీన్‌లో అది మామూలే, తగ్గుతుంది. ఒకే మూల నుంచి ఏటవాలుగా లాగినట్టు ఉంటే లెవెల్ తప్పింది. మీది నా అంచనాలో మొదటిదో చివరిదో.

కదలని బొమ్మలో అలలు పెద్దగా కనపడవు. క్రికెట్ పెట్టండి. బంతి వెంట కెమెరా పక్కకి తిరిగినప్పుడు బౌండరీ తాడు, గడ్డి చారలు స్క్రీన్ మీద ఒకచోట వంగి లేచినట్టు అనిపిస్తే అదే అల. అలా కనిపించకపోతే, టార్చి వెలుగులో మాత్రమే కనిపిస్తే, దాని జోలికి పోవద్దు. సినిమా చూడటానికి కొన్నదాన్ని టార్చి వేసుకుని చూస్తూ కూర్చునేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి నేను చేయగలిగిందేమీ లేదు.

సరిచేయడానికి: లెవెల్ సరిచేశాక గుడ్డని పూర్తిగా దింపి రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి, కింది పట్టీ బరువుకి గుడ్డ సర్దుకుంటుంది. ఎండాకాలంలో ఇది త్వరగా అవుతుంది, ఏసీ వేసి చల్లగా ఉంచిన గదిలో నెమ్మదిగా. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి లాగమని చెప్పేవాళ్లుంటారు, ఒక ఇంట్లో ఆ ప్రయోగం ఫలితం చూశా, అలలు పోయి బుడగ వచ్చింది, బుడగకి మందు లేదు. కింది పట్టీకి అదనంగా బరువులు కట్టడం కూడా వద్దు, పైన గుడ్డని పైపుకి పట్టి ఉంచేది చాలా రకాల్లో ఒక అంటు పట్టీ మాత్రమే.

ట్యాబ్ టెన్షన్ స్క్రీన్ ఉన్నవాళ్లకి రెండు మాటలు. రెండు పక్కలా గుడ్డ చెవుల్లోంచి దారం వెళ్తుంది, దాన్ని బిగించే స్క్రూలు కింది పట్టీ రెండు చివర్లలో ఉంటాయి. ఒకేసారి కాకుండా ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు తిప్పి, రాత్రంతా వదిలి మర్నాడు చూడండి. ఎక్కువ బిగిస్తే అంచు లోపలికి లాగేసి కొత్త అలలు పుడతాయి. దారం ఒక చెవిలోంచి తప్పుకున్నట్టు కనిపిస్తే మాత్రం పైకి చుట్టకండి, చుట్టుల మధ్య అది గుడ్డని కోసేస్తుంది. నేలమీద పెట్టుకునే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ కొందామనుకునేవాళ్లు టెన్షన్ లేని స్క్రీన్ గురించి ఆలోచించనే వద్దు. కాంతి కిందనుంచి బాగా ఏటవాలుగా వస్తుంది, మిల్లీమీటరు అల కూడా బొమ్మలో పాములా కనిపిస్తుంది.

అన్నట్టు ఫ్యాను వేసుకుని చూస్తున్నారా? నవ్వకండి, "స్క్రీన్ ఊగుతోంది, బిగించండి" అని పిలిచిన ఇళ్లలో సగం చోట్ల నేను చేసిన మరమ్మతు ఫ్యాను స్విచ్ ఆపడం. 120 అంగుళాల గుడ్డ అంటే తెరచాప. సీలింగ్ ఫ్యాను గాలి కొట్టినా, పైన స్ప్లిట్ ఏసీ ఉండి దాని గాలి గుడ్డ వెనక్కి పోయినా అలలాడుతుంది. ఏసీ గాలి దిశ మార్చండి, కుదరకపోతే సినిమా సేపు పెడెస్టల్ ఫ్యాను గాలి స్క్రీన్ వైపు పోకుండా మీ పక్కన పెట్టుకోండి.

ఇక సగంలో ఆగడం. ఈ గొట్టం మోటార్లు రోజంతా తిరగడానికి చేసినవి కావు. చాలావాటికి ఏకధాటిగా నాలుగైదు నిమిషాలే పరిమితి, వేడెక్కితే లోపలి థర్మల్ కట్ ఆఫ్ ఆపేస్తుంది, పావుగంటో అరగంటో చల్లారాక మళ్లీ నడుస్తుంది. మీరు చెప్పింది అచ్చంగా అదే. ఒకసారి దిగడానికి నిమిషం లోపే పడుతుంది కాబట్టి మామూలు వాడకంలో ఆ పరిమితి రాదు. ఇంట్లో పిల్లల చేతికి రిమోట్ అందుతోందా చూడండి, చుట్టాలొచ్చిన రోజు స్క్రీన్ పదిసార్లు దిగి ఎక్కడం మన ఇళ్లలో మామూలే. అలా కాకుండా రోజంతా ఖాళీగా ఉండి, సాయంత్రం మొదటిసారి దింపినప్పుడే ఆగిపోతే అది వేడి కాదు, గుడ్డ ఎక్కడో రాసుకుంటోంది, లేదా వైరు వదులైంది. ఎప్పుడూ ఒకే ఎత్తులో ఆగితే, ఎక్కడ ఆగాలో మోటారుకి చెప్పే లిమిట్ స్విచ్ జరిగింది. మోటారు గుయ్యిమని మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ బలహీనమై ఉండొచ్చు, చిన్న ఖర్చే, కానీ అది కరెంటు ఆపినా ఛార్జి దాచుకునే వస్తువు, మీరు ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. ఒక వైపు తిరిగి రెండో వైపు తిరగకపోతే మోటారు కంటే ముందు రిమోట్ రిసీవర్ పెట్టెలో కరెంటుని ఇటూ అటూ మార్చే చిన్న స్విచ్, అదే రిలేని అనుమానించాలి. ఇన్వర్టర్ మీద నడిపినప్పుడే మూలుగుతుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరేమో చూడండి, ఈ ఏసీ మోటార్లకి అది పడదు.

లిమిట్ల సంగతి జాగ్రత్తగా చదవండి, ఎక్కువ స్క్రీన్లు పోయేది ఇక్కడే. మోటారు ఉన్న చివర కేసులో రెండు చిన్న రంధ్రాలు, వాటిలో అలెన్ కీ పట్టే స్క్రూలు ఉంటాయి, ఒకటి పైకి ఎక్కడ ఆగాలో, ఒకటి కిందకి ఎక్కడ ఆగాలో. కొంచెం తిప్పి నడిపి చూడటం, మళ్లీ కొంచెం తిప్పడం, తొందరపడకూడదు. పైన కింది పట్టీ కేసుకి వేలెడు దూరంలోనే ఆగాలి, కేసుకి గుద్దుకుంటే మోటారు లాగుతూనే ఉంటుంది, గుడ్డ పైపు దగ్గర ఊడుతుంది. కిందకి దిగినప్పుడు పైపు మీద కనీసం ఒకటి రెండు చుట్లు మిగలాలి. "ఇంకో అడుగు దింపండి" అని ఇంట్లోవాళ్లు అడిగారని లిమిట్ వదిలేసి మొత్తం గుడ్డ దింపేసిన బిగింపులు చూశా, బరువంతా అంటు పట్టీ మీద పడుతుంది, ఇంకొంచెం తిరిగితే గుడ్డ వెనకవైపు నుంచి తిరగబడి చుట్టుకోవడం మొదలెడుతుంది.

ఆ అడుగు తక్కువ రావడానికి అసలు కారణం కొనేటప్పుడు లెక్క వేసుకోకపోవడం. 120 అంగుళాలకి బొమ్మ ఎత్తు 59 అంగుళాలు. సోఫాలో కూర్చున్నవాళ్లకి బొమ్మ కింది అంచు నేలనుంచి 30 అంగుళాల్లో ఉంటే హాయి. అంటే పై అంచు 89 దగ్గర. ఫాల్స్ సీలింగ్ 9 అడుగులుంటే అది 108 అంగుళాలు, తేడా 19. కేసు ఓ 5 తీసుకున్నా బొమ్మ పైన నల్ల గుడ్డ 14 అంగుళాలు ఉండాలి. దీన్ని బ్లాక్ డ్రాప్ అంటారు, ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడగాలి. ఇప్పటికే కొనేసిన మీరు రాడ్లు పొడుగు పెట్టి కేసునే కిందకి దించుకోవాలి.

కరెంటు విషయం. మోటారుకి నాలుగు వైర్లు: నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్తు, గోధుమరంగు, నలుపు ఒకటి పైకి ఒకటి కిందకి. ఈ చివరి రెండిటికీ ఒకేసారి కరెంటు వెళ్లకూడదు, అందుకే మామూలు స్విచ్‌లు రెండు పెట్టి సరిపెట్టడం తప్పు, ఒకటి నొక్కితే రెండోది పడని రకం స్విచ్ కావాలి. కేసు లోహం కాబట్టి ఎర్తు తప్పనిసరి. రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి ఇచ్చేసిన స్క్రీన్లు నేను చూశా, మీది అలా ఉంటే మొదట అది మార్పించండి, అలలు తర్వాత చూసుకుందాం. ప్రొజెక్టర్‌కి 12 వోల్టుల ట్రిగ్గర్ ఉంటే దాన్ని స్క్రీన్‌కి కలపొచ్చు, ప్రొజెక్టర్ వెలగగానే స్క్రీన్ దిగుతుంది. బాగుంటుంది, తప్పనిసరి కాదు.

సీలింగులో పెట్టె చేసి దాంట్లో స్క్రీన్ దాచుకునేవాళ్లకి నా సొంత చేదు అనుభవం. మా ఇంట్లోనే, ఇంటీరియర్ పని ఒకరికి అప్పగించి నేను ఊళ్లో లేని రోజున వాళ్లు గుడ్డ దిగే సందు తప్ప మిగతాదంతా జిప్సంతో మూసి, పుట్టీ పెట్టి, రంగు కూడా వేసేశారు. ఆరు నెలలకి లిమిట్ సరిచేయాల్సి వచ్చింది, స్క్రూ దగ్గరకి చెయ్యి పోయే దారే లేదు. నా సీలింగుని నేనే కోసుకున్నా. మోటారు చివర అడుగు వెడల్పున తీసి పెట్టుకునే తలుపు ఉంచమనండి. ఇంకోటి, జిప్సం పాలిష్, రంగు పనులు పూర్తయ్యాకే స్క్రీన్ పెట్టెలోంచి తీయండి, ఆ తెల్ల పొడి గుడ్డ చుట్టుల్లోకి పోతే రాదు.

గుడ్డ గురించి అందరూ గెయిన్, అంటే గుడ్డ వెలుగుని తిప్పికొట్టే శక్తి, ఎక్కువుంటే మంచిదనుకుంటారు. లెక్క వేద్దాం: 120 అంగుళాల బొమ్మ వైశాల్యం దాదాపు 42.7 చదరపు అడుగులు. సినిమా మోడ్‌లో ప్రొజెక్టర్ నిజంగా 1500 ల్యూమెన్లు ఇచ్చినా, 1.0 గెయిన్ తెల్ల గుడ్డ మీద, తెర వెలుగు కొలతలో చెప్తే, 35 ఫుట్ ల్యాంబర్ట్‌లు వస్తాయి. డిజిటల్ సినిమా హాలు ప్రమాణం 14. అంటే చీకటి గదిలో మామూలు మ్యాట్ వైట్ చాలు. ఎక్కువ గెయిన్ గుడ్డ కొంటే మధ్యలో వెలుగు మచ్చ, పక్క సోఫాలో కూర్చున్న మామయ్యకి మసక. ట్యూబ్ లైటు వేసుకుని చూస్తామంటే మాత్రం తెల్ల గుడ్డ దేనితోనూ నలుపు నల్లగా రాదు.

ఇప్పుడు తుడవడం. గాజు స్ప్రేల్లో ఆల్కహాల్, అమ్మోనియా లాంటివి ఉంటాయి, పీవీసీ పై పూతని అవి తినేస్తాయి, తుడిచిన చోట మెరుపు తేడా వచ్చి బొమ్మలో మరకలా కనిపిస్తుంది. మామూలు దుమ్ముకి మెత్తటి బ్రష్షో పొడి మైక్రోఫైబర్ గుడ్డో, ఒకే దిశలో, నొక్కకుండా. మరక ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, గుడ్డ బాగా పిండి, మెల్లగా అద్ది, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో ఇంకోసారి, పూర్తిగా ఆరాకే పైకి చుట్టాలి. తడిగా చుట్టేస్తే బూజు. గది వెలుతురుని పక్కకి తోసేసే సన్న గీతలున్న బూడిదరంగు ఏఎల్ఆర్ స్క్రీన్ అయితే నీళ్ల జోలికి కూడా పోకుండా పొడిగానే దులపండి, ఆ గీతల్లో ఇరుక్కున్నది బయటికి రాదు.

మనిళ్లలో అసలు శత్రువు బల్లి. కేసు సందు దానికి తయారుగా ఉన్న ఇల్లు. ఒకసారి ఓ ఇంట్లో చుట్టుకుపోయిన బల్లి మూడు చుట్లకి అచ్చు వేసింది, స్క్రీన్ దింపితే మచిలీపట్నం కలంకారీలా వరసగా ఒకే బొమ్మ. అందుకే వారాల తరబడి వాడకపోతే మొదటిసారి దింపేటప్పుడు దగ్గర నిలబడి చూడండి, పైకి చుట్టేముందు వెనకవైపు ఓ చూపు వేయండి. బల్లి రెట్ట పడితే పచ్చిగా ఉన్నప్పుడు రుద్దకండి, ఎండనిచ్చి మెల్లగా ఎత్తేసి, మిగిలిన గుర్తుకి పైన చెప్పిన సబ్బు నీళ్లు. వంటగది హాలుకి తెరుచుకుని ఉంటే పోపు పెట్టేటప్పుడు, సాంబ్రాణి వేసేటప్పుడు స్క్రీన్ పైకే ఉండాలి, నూనె పొగ మీద పడ్డ దుమ్ము బ్రష్షుకి రాదు. సంక్రాంతికి బూజులు దులిపే రోజు కేసు సందుకి పాత చీర అడ్డంగా కట్టండి. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లు వానాకాలంలో వారానికోసారి రెండు గంటలు దింపి గాలి తగలనివ్వండి. కేసులో కీచుమంటే నూనె పోయకండి, అది గుడ్డ మీదకే కారుతుంది.

సరే, మీరు ఈ ఆదివారం చేయాల్సింది: సీలింగులో లైటు రంధ్రం ఏదైనా విప్పి, ఫోన్ కెమెరా లోపలికి పెట్టి బ్రాకెట్ దేనికి పట్టి ఉందో ఫొటో తీయండి. రెండు చివర్లా, మధ్యలో నీళ్ల ట్యూబుతో కొలిచిన తేడా మిల్లీమీటర్లలో రాయండి. టార్చి వెలుగులో అలల ఫొటో ఒకటి, ఫ్యాను ఆపి తీయాలి. అప్పటిదాకా స్క్రీన్‌ని పైకీ కిందకీ ఆడించకండి, బ్రాకెట్ బోర్డుకే ఉందని తేలితే దాని కింద ఎవర్నీ కూర్చోనివ్వకండి, స్క్రీన్ మొత్తాన్ని విప్పించి కిందపెట్టించేయండి.